పదకొండు గరిటెలు

సలసల మరిగిన నీళ్లు జొన్నపిండిలో పోసి మోషే తెడ్డుతో కలియబెడుతున్నాడు. ఆవిరి ముఖాన కొట్టింది. పక్కన పెద్ద పొయ్యి మీద నూట ఇరవై మంది ఆడపిల్లలకు ఉప్మా ఉడుకుతున్నది. ఈ పిండి మాత్రం ఒక్క పిల్ల కోసం. వేడి తగ్గేదాకా ఆగలేదు. అరచేయి పెట్టి మర్దించాడు. ఆ చేతులు వేడిని పట్టించుకోవడం మానేసి ఇరవై ఏడేళ్లయింది.

కరీంనగర్ బస్టాండు అవతలి సందులో, కాలేజీ పిల్లలుండే హాస్టల్లో ఆయన వంటమనిషి. పొట్టి మనిషి. గడ్డం ఎప్పుడు చూసినా నాలుగు రోజులది. బనియను మీద పసుపు మరకలు ఎన్ని ఉతుకులకూ పోనివి. నడుముకు తువ్వాల. నెల రోజుల నుంచి పాదాలు ఉబ్బి, రబ్బరు చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడుతున్నాయి. కొట్టుగదికి ఉన్న మూడు మెట్లు ఎక్కితే గోడ పట్టుకొని నిలబడాల్సి వస్తున్నది. పొయ్యి వేడికి అట్లా అవుతుందనుకున్నాడు. అనుకొని ఊరుకున్నాడు.

ఆయన మాట్లాడే మనిషి కాదు. కూరగాయలు తరిగే శంకరవ్వ పొద్దుందాక ఒక్కతే మాట్లాడుకుంటుంది. ఈ రోజు ఆమెకు కూడా అనుమానం వచ్చింది.

"ఏందన్నా, పిండిని గట్ల కొడుతున్నవ్? అదేం పాపం చేసింది?"

మోషే రొట్టె తట్టి పెనం మీద వేసి, తడి చేత్తో పైన రాశాడు. రొట్టె ఒక పక్క చినిగింది. ఇరవై ఏడేళ్లలో రొట్టె చినగడం ఆయనకే కొత్త. దాన్ని తీసి పక్కన పెట్టి ఇంకొకటి తట్టాడు.

ఏడున్నరకు పిల్లలు కంచాలు పట్టుకొని వడ్డించే కిటికీ దగ్గర వరుస కట్టారు. కిటికీ పైన తెల్లటి ట్యూబులైటు ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. మోషే ముఖాలు చూడడు. కంచం అంచు మీద వేళ్లను చూస్తాడు, వేళ్ల చివర గోర్లను చూస్తాడు. గోరు ఎర్రగా ఉంటే ఆయన గరిటె మామూలుగా కదులుతుంది. తెల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ వేస్తాడు. ఈ లెక్క ఎవరికీ తెలియదు.

ఆమని కంచం వచ్చింది. పొడుగు వేళ్లు, పొట్టిగా కత్తిరించిన గోర్లు. ఆ ట్యూబులైటు కింద తెల్లగా కనబడ్డాయి.

"తాతా, ఇయ్యాల నా రిపోర్టొస్తది. బాపు రాత్రే బోథ్ నుంచి వచ్చిండు. దవఖానకు పోయి పట్టుకొస్తడు," అన్నది ఆ పిల్ల. నవ్వుతూనే అన్నది. "జర నా కోసం మొక్కుకో."

మోషే రెండు రొట్టెలు, ఉడికించిన శనగలు వేసి, నిమ్మచెక్క పిండాడు. తల ఊపాడు. మొక్కుకోవడం ఆయన తెల్లవారుజామునే మొదలుపెట్టాడు. ఏమని మొక్కాలో మాత్రం ఇప్పటిదాకా తేలలేదు.

ఆమని రెండో ఏడు చదువుతున్నది. మనుషులు ఏం తినాలి, ఎంత తినాలి అనేదే ఆ పిల్ల చదువు. వాళ్ల నాయన జైపాల్‌రావుకు బోథ్ దగ్గర పత్తి, సోయా సేద్యం. పోయిన ఎండాకాలం సెలవుల్లో పాల కోసం దూడను కట్టేసిన తీరు చూసి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. జూన్‌లో ఒక కాగితం పట్టుకొని వంటింట్లోకి వచ్చింది. మోషే మూడో తరగతితో బడి మానినవాడు. కూడబలుక్కొని చదివాడు. జొన్న రొట్టె. పెసలు, శనగలు, బొబ్బర్లు మార్చి మార్చి. తోటకూర, పుంటికూర, గంగవాయిలి. నువ్వులు, పల్లీలు. నానబెట్టి రుబ్బి, వడగట్టి కాచిన సోయా పాలు. నిమ్మకాయ తప్పకుండా. వారానికొక బి12 గోళీ తనే మింగుతుందట.

కాగితంలో అన్నీ ఉన్నాయి. అయినా మోషేకు అది అన్నం మానేసిన మనిషి కాగితంలాగే కనబడింది.

జైపాల్‌రావుకు కూడా భయమే. ఆయన ఒక షరతు పెట్టాడు. బతుకమ్మ సెలవులకు ముందు నెత్తురు పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ పదకొండుకు తక్కువ వస్తే హాస్టలూ లేదు, కరీంనగరూ లేదు. సామాను సర్దుకొని ఇంటికి రావాలి. ఆమని సరేనన్నది. ఈ సంగతి శంకరవ్వ మోషే చెవిన వేసింది. అప్పటి నుంచి ఆయనకు నిద్ర కరువైంది.

పిల్ల వెళ్లిపోతుందని భయం. వెళ్లకుండా ఇక్కడే ఉండి చిక్కిపోతుందని ఇంకా పెద్ద భయం.

ఆ భయానికి ఒక పేరుంది. క్యాథరిన్. మోషే, రిబ్కమ్మలకు ఒక్కతే బిడ్డ. వరంగల్లులో నర్సింగు చదువుకు పోయింది. నెలకొకసారి వచ్చేది. సన్నబడ్డావు బిడ్డా అంటే, డ్యూటీలు బాపూ అనేది. వందమందికి వండిపెట్టే మనిషి ఆ మాటతో తృప్తిపడ్డాడు. రెండో ఏట ఒకరోజు ఫోను వచ్చింది. ఒంట్లో నెత్తురు లేదని, తెచ్చేసరికే ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. ఉట్నూరు దగ్గర వాళ్ల ఊళ్లో, చర్చి సంఘస్థులు పాట పాడుతుంటే, పెట్టెలో పడుకున్న బిడ్డ చేతుల మీద పూలు పెడుతూ మోషే గోర్లు చూశాడు. సున్నం రాసినట్టున్నాయి. నెలనెలా ఇంటికొచ్చిన చేతులే అవి. ఆయన కలిపిన ముద్దలు అందుకున్న చేతులే. ఒక్కసారి కూడా గోర్లు చూడలేదు.

రిబ్కమ్మ పోయి కూడా తొమ్మిదేళ్లు. ఇంట్లో సామానంతా తమ్ముడి కొడుక్కి ఇచ్చేసి, ఒక్క స్టీలు గిన్నె మాత్రం మోషే హాస్టలుకు తెచ్చుకున్నాడు. క్యాథరిన్ చదువుకు పోయేటప్పుడు గిన్నెల దుకాణంలో పేరు కొట్టించి ఇచ్చిన గిన్నె. చుక్కచుక్కగా, అంచు కింద, దాని పేరు. ఆమనికి విడిగా వండవలసి వచ్చినప్పుడు ఆయన చెయ్యి తనంత తానే ఆ గిన్నె మీదికి పోయింది. ఎవరీ క్యాథరిన్ అని ఆ పిల్ల ఒకసారి అడిగింది. దుకాణంలో అట్లనే వచ్చిందని చెప్పాడు.

ఆగస్టులో ఒక బుధవారం, కిటికీ దగ్గర, ఆమని గోర్లు ఆయనకు సున్నంలా కనబడ్డాయి. బుధవారం, ఆదివారం హాస్టల్లో కోడికూర. ఎముకల రసం గంజులో తుకతుక ఉడుకుతున్నది. చుట్టూ చూశాడు. ఒక గరిటె రసం తీసి ఆ పిల్ల పప్పులో పోశాడు. పైన పుంటికూర వేసి మెదిపాడు. పులుపుకు ఏ వాసనా తెలియలేదు. ఆ పిల్ల కంచం నాకినట్టు తిని, ఇయ్యాల పప్పు మంచిగున్నది తాతా అన్నది.

ఆ రోజు నుంచి పదకొండు గరిటెలు. మోషే ఒక్కటి కూడా మరిచిపోలేదు.

ఈ రోజు మళ్లీ బుధవారం.

పది గంటలకు కోడి వచ్చింది. శంకరవ్వ కడిగి ఇచ్చింది. గంజులో రసం మరిగింది. క్యాథరిన్ గిన్నెలో పెసరపప్పు ఉడికింది. శంకరవ్వ నల్లా దగ్గరికి పోయిన సందు చూసి మోషే గరిటె అందుకున్నాడు. రిపోర్టు ఇంకా రాలేదు. తక్కువ వస్తే పిల్ల ఈ పూటే చివరి అన్నం తింటుంది. ఈ ఒక్క పూటైనా కడుపులో ఏదో ఒకటి పడాలి. గరిటె వంచాడు. పసుపుపచ్చటి నూనె చుక్కలు పప్పు మీద తేలాయి.

వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల పొద్దున మొక్కుకోమన్నది తననే. ఈ గరిటె పట్టిన చేతులతోనే.

గిన్నె ఎత్తి పప్పంతా కుడితి తొట్టిలో కుమ్మరించాడు. గిన్నె తోమి మళ్లీ పప్పు కడిగి పెట్టాడు. వంగి లేచేసరికి ఊపిరి అందలేదు. పొయ్యి గట్టు పట్టుకొని నిలబడ్డాడు.

శంకరవ్వ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. "మంచి పప్పు పారవోస్తివి. మాడిందా ఏంది?"

"మాడింది," అన్నాడు.

ఆమె తొట్టిలోకి తొంగి చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. మళ్లీ ఏమీ అనకుండా ఉల్లిగడ్డల ముందు కూర్చున్నది. ఆమె నోరు అట్లా మూతబడటం చూసి మోషేకు ఇంకా భయమేసింది.

పదకొండున్నరకు జైపాల్‌రావు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కాగితం మడత. మామూలుగా వార్డెనమ్మ గది దాటి రాని మనిషి, ఆ రోజు తిన్నగా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనక ఆమని. మోషే తువ్వాలతో చేతులు తుడుచుకోబోయి, తుడుచుకోకుండానే నిలబడ్డాడు.

"ఏం మోషే, నా బిడ్డకు గడ్డి వెడుతున్నవట గదా."

అని జైపాల్‌రావు పగలబడి నవ్వాడు.

"పన్నెండు పాయింటు నాలుగు. పోయినేడు కోడి, గుడ్డు తిన్నప్పుడు పదకొండే ఉండె. ముప్పై ఎకరాల సోయా ఏసి మొత్తం మార్కెట్టుకే తోలితి. ఒక్క గింజ నోట్ల ఏసుకోలే. ఇగ నేను గూడ నీ తానకే వచ్చి తినాలె."

"మంచిది దొరా," అన్నాడు మోషే. ఆ రెండు మాటలు ఎట్లా వచ్చాయో ఆయనకే తెలియదు.

జైపాల్‌రావు బిడ్డ తల మీద చెయ్యేసి, మధ్యాహ్నం బస్సుకు పోతానని చెప్పి వెళ్లాడు. ఆమని ఉండిపోయింది. గండం గడిచింది. మోషేకు ఊపిరి తేలిక కావాలి. కాలేదు. పన్నెండు పాయింటు నాలుగులో తన పాలెంతో తెలియదు. పదకొండు గరిటెలు ఆ కాగితంలో ఎక్కడో ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమని పెద్ద చార్టు కాగితం, రంగు పెన్నులు పట్టుకొని వంటింటి వెనక గుమ్మంలో కూర్చున్నది. అక్కడ ఎండ పడుతుంది. ఏ రోజు ఏం తిన్నదో గళ్లు గీసి రాస్తున్నది. శంకరవ్వ ఇంటికి పోయి మూడున్నరకు వస్తుంది. మోషే గడప మీద కూర్చొని పుంటికూర ఆకు తెంపుతున్నాడు.

ఆ పిల్ల రాస్తూనే చెప్పింది. తన గదిలో ఇద్దరు, పక్క గదిలో నలుగురు, మొత్తం ఆరుగురు రేపటి నుంచి తనలాగే తింటారట. అందులో ఒకమ్మాయికి పోయినసారి తొమ్మిదే ఉందట. నా రిపోర్టు చూసినంక ఆమెకు ధైర్యమొచ్చింది తాతా అన్నది.

మోషే చేతిలో ఆకు నలిగిపోయింది. తొమ్మిది. ఆ ఆరుగురి గిన్నెల్లో రసం ఎవరు పోస్తారు? పోయకుంటే ఏమవుతుంది? ఆరు జతల చేతులు కళ్ల ముందు కనబడ్డాయి. సున్నం రాసినట్టు.

"బిడ్డా, గా ఆరుగురికి వద్దని చెప్పు."

"ఎందుకు తాతా?"

"నీ పప్పుల కోడి రసం వోసిన."

ఆ పిల్ల పెన్ను ఆగింది. సందులో గ్రానైటు లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతున్నది. అది ఆగాక అడిగింది.

"ఎన్నిమార్లు?"

"పదకొండు. ఇయ్యాల గూడ వోసిన. మళ్ల పారవోసి వేరేగ వండిన."

ఆమని లేచి నల్లా దగ్గరికి పోయింది. నోరు పుక్కిలించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మోషే ఆ చప్పుడు లెక్కపెట్టాడు. పిల్ల తిన్నగా వార్డెనమ్మ దగ్గరికి పోతుందనుకున్నాడు. పోలేదు. తిరిగి వచ్చి అక్కడే కూర్చున్నది. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎవలన్న చెయ్యమన్నరా? మా బాపా?"

"ఎవ్వలు చెప్పలే. నాకే భయమైంది."

"దేనికి?"

మోషే లోపలికి పోయి గిన్నె తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాడు. పేరు ఉన్న వైపు తిప్పాడు.

"దుకాణంల రాలే. నా బిడ్డది. నీయంతనే ఉండె. తింటున్న బాపూ అనేది. గోర్లు తెల్లగయినయి. నేను చూడలే."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన ఇంతకుముందు ఎవరితో అన్నాడో గుర్తులేదు. రిబ్కమ్మతో కూడా అనలేదేమో. ఆమని ఆ చుక్కల మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా నెమ్మదిగా జరిపింది.

"గరిటెడు రసంతోని నెత్తురు వడది తాతా. నీ రొట్టె, నీ ఆకుకూర, నువ్వు మీద పిండిన నిమ్మకాయ. నెత్తురు పడ్డది వాటితోనే. నువ్వు ఉత్తగనే భయపడ్డవ్."

మోషే నమ్మలేదు. నమ్మాలని మాత్రం ఆయనకు ఎంతో ఆశగా ఉంది.

"గని నన్నడుగకుంట నా కంచంల పెట్టినవ్. గది తప్పు."

"తప్పే బిడ్డా."

"పదకొండు మార్లని చార్టుల రాస్త. ఉన్నదున్నట్టు రాస్త. నీ పేరు రాయ. గా తొమ్మిదున్న పిల్లను ముందుగాల డాక్టరు తానకు తోలుత. మూడు నెలలైనంక నేను మళ్ల పరీక్ష చేయించుకుంట. అప్పటిదాక ఒక్క చుక్క వడొద్దు. మాటియ్యి."

చెయ్యి చాపింది. మోషే తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. పొద్దుటి జొన్నపిండి గోర్ల సందుల్లో ఎండి ఉంది. గట్టిగా రుద్ది తుడిచి, చెయ్యి ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు.

ఆమని వదలలేదు. ఆయన చేతిని ఎండలోకి లాగింది. వెనక్కి తిప్పింది. ముందుకు తిప్పింది. లేచి, ఆయన కింది కనురెప్ప లాగి చూసింది. వంగి ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. పడ్డ గుంట అట్లనే ఉంది.

"గిది ఎన్ని రోజుల నుంచి?"

"నెలైతుండొచ్చు. పొయ్యి వేడికి."

"పొయ్యి వేడికి కాళ్లు ఉబ్బుతయా తాతా? నీ గోర్లు నువ్వెన్నడన్న చూసుకున్నవా?"

మోషే తన చేతులను చూసుకున్నాడు. ఎండలో, పిండి లేకుండా, ఎన్నో ఏళ్లకు. సున్నం రాసినట్టున్నాయి. వింతగా, ఆయనకు భయం వేయలేదు. పొద్దుటి నుంచి గుండెలో కూర్చున్న భయం ఇప్పుడు ఆ పిల్ల ముఖంలోకి పోయి కూర్చున్నట్టు కనబడింది. ఆమెను చూస్తే జాలేసింది.

ఇప్పుడే పోదాం లే అన్నది ఆ పిల్ల. నీకు మూడింటికి పరీక్ష ఉందన్నావు గదా అన్నాడు ఆయన. ఆగుతది అన్నది. ఆగదని ఆయనకు తెలుసు, ప్రాక్టికల్ తప్పితే ఏడాది పోతుందని నిన్ననే చెప్పింది. పిల్లలకు చాయి కూడా పెట్టాలన్నాడు. కాసేపు ఇద్దరూ పట్టుబట్టుకొని, చివరికి ఐదింటికి ఒప్పుకున్నారు.

"నేనే ఆటో తెస్త. చాయ్ శంకరవ్వ వెడతది. నువ్వు లేవకు. గీడనే కూసో."

"సరే బిడ్డా."

ఆ పిల్ల చార్టు చుట్టుకొని సందు మలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూసింది. మోషే చెయ్యెత్తాడు.

లేవకు అన్నది. కానీ గిన్నె ఎదురుగా ఉంది. చింతపండు, బూడిద తీసుకొని నల్లా దగ్గర కూర్చున్నాడు. లోపల తోమాడు. బయట తోమాడు. అంచు కింద, చుక్కల సందుల్లో పట్టిన నూనె జిడ్డును పీచుతో ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి ఆగి తీశాడు. నీళ్లు పోసి కడిగి, వాసన చూసి, మళ్లీ తోమాడు. మూడుసార్లు. తర్వాత కిటికీ గట్టు మీద బోర్లించి, కొట్టుగది మెట్టు మీద, జొన్నల బస్తాకు ఆనుకొని కూర్చున్నాడు. కాసేపు ఊపిరి తీసుకుందామనుకున్నాడు.

శంకరవ్వ వచ్చి, పడుకున్నాడనుకొని చప్పుడు చేయకుండా చాయి పెట్టింది. ఆ మనిషి పగటిపూట కన్నుమూయడం ఆమె ఎన్నడూ చూడలేదు. అలిసిపోయాడులే అనుకున్నది. ఒకసారి తువ్వాల తెచ్చి ఆయన పాదాల మీద ఈగలు వాలకుండా కప్పింది.

ఐదింటికి ఆటో సందులో ఆగింది. ఆమని పరుగెత్తుకుంటూ వచ్చింది. తాతా అని పిలిచింది. బస్తా మీద ఆనిన తల కదలలేదు. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చొని మణికట్టు పట్టుకున్నది. క్లాసులో నేర్పినట్టు మూడు వేళ్లు పెట్టి లెక్కపెట్టబోయింది. వేళ్లు జరిపింది. మళ్లీ జరిపింది. శంకరవ్వ చేతిలోని గ్లాసు కింద పెట్టి, ఆయన ఛాతీ మీద అరచేయి ఆనించి, చాలాసేపు అట్లనే ఉంచింది. తర్వాత ఆ పిల్ల భుజం పట్టుకున్నది. బయట ఆటో మోత ఆగలేదు.

కిటికీ గట్టు మీద క్యాథరిన్ గిన్నె బోర్లించి ఉంది. అంచున వేలాడుతున్న ఒక నీటిచుక్క ఇంకా జారలేదు.